ఎల్బీనగర్ కింగ్‌కు చేపల పులుసు

నా నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఏడ్చేవాళ్ళు నాకు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో షాపు పెట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కానివాళ్ళు, రిజల్ట్‌లో నంబరు లేనివాళ్ళు, ఆధార్‌లో ఇంటిపేరు తప్పుపడినవాళ్ళు. "కీబోర్డు తడవకుండా ఏడవండి బాబూ" అంటాను. కర్కోటకుడని నాకు పేరు. ఉండనివ్వండి, ఈ సాంబమూర్తికి వచ్చిన నష్టమేమీ లేదు. కానీ ఒక వంటమనిషి తెర మీద మాడిన బొమ్మ చేపను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మాత్రం ఈ ఏడాదే చూశాను.

ఆమె పేరు ఎలీశమ్మ. మా వెనక సందులోని ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. యాభై దాటాయి. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చింది. భర్త పోయి చాలా కాలమైంది. ఎల్బీనగర్ రింగురోడ్డు అవతల ఒక గది కిరాయికి తీసుకుని కొడుకును పెంచుకుంది. తొంభైమంది పిల్లలకు పొద్దున ఉప్మా నుంచి రాత్రి చారు దాకా ఒంటిచేత్తో వండుతుంది. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక మూడింటి నుంచి నాలుగున్నర దాకా ఆమెకు ఖాళీ. ఒకరోజు ఆ వేళలోనే నా షాపుకొచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"సారూ, ఆటల ఉన్న మనిషిని దేవులాడొచ్చా?"

"ఏ ఆటలో వెతకాలి? ఏ మనిషిని?" అన్నాను విసుగ్గా. అవతల ఒకాయన పాన్ కార్డు కోసం నా ప్రాణం తీస్తున్నాడు.

"మా జోయల్ సారూ. కత్తులు, గొడ్డండ్లు పట్టుకొని అందరు కలిసి కొట్లాడే ఆట లేదా, గది. దాంట్ల వాని పేరు ఎల్బీనగర్ కింగ్ అని ఉంటది."

అసలు సంగతి రాబట్టడానికి అరగంట పట్టింది. జోయల్‌కు ఇరవైయారేళ్ళు. నాలుగేళ్ళుగా ఎస్సై పరీక్షకు చదువుతున్నాడు. చివరిసారి పరీక్ష రోజున హాల్‌టికెట్ జేబులో పెట్టుకుని సెంటర్ గేటు దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టలేక తిరిగొచ్చాడట. భయమేసిందమ్మా, కాళ్ళు రాలేదు అని తల్లికొక్కతికే చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఈ మహాతల్లి చర్చిలో శుక్రవారం ప్రార్థన కూడికలో లేచి నిలబడింది. "నా బిడ్డ భయానికి పరీక్ష రాయలే, ఆటలల్ల పడ్డడు, వాని కోసం ప్రార్థన చేయుండ్రి" అని నలభైమంది ముందు చెప్పేసింది.

ఆ కూడికల్లో అది మామూలే. కడుపునొప్పి నుంచి కోర్టు కేసు దాకా ఎవరి బాధ వాళ్ళు లేచి చెప్పుకుంటారు, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తారు. ఆమె మనసులో ప్రేమ తప్ప ఇంకేం లేదు. కానీ ఆదివారం సంఘపెద్దలు ఒక్కొక్కరే వచ్చి జోయల్ భుజం తట్టి, "భయపడకు బిడ్డా" అన్నారు. వీధిలో పాలు పోసే మనిషి కూడా అన్నాడట. సోమవారం జోయల్ బ్యాగు సర్దుకున్నాడు. నీకు చెప్పుకోవడం నాదే తప్పు అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. ఫోన్లో తల్లి నంబరు బ్లాక్ చేశాడు. మీర్‌పేట్‌లో స్నేహితుడి గదిలో ఉన్నాడని తెలిసి ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి, అక్కడి నుంచి కూడా ఎటో వెళ్ళిపోయాడు. నాలుగు నెలలైంది.

వినగానే నాకు ఒళ్ళు మండింది. "కన్నబిడ్డ నమ్మి చెబితే మైకులో చెప్పినట్టు చెబుతావా?" అని అరిచాను. ఆమె తలవంచుకుని నిలబడింది. దాంతో నాకే సిగ్గేసింది.

మా షాపులో కుర్రాళ్ళు ఆడే ఆటే అది, తెరిచి పేరు కొట్టాను. నిజంగానే ఉన్నాడు. ఆ పేరు పచ్చగా వెలుగుతోంది, అంటే ఆ నిమిషంలో ఎక్కడో కూర్చుని ఆడుతున్నాడన్నమాట. "మెసేజ్ పెట్టనా?" అన్నాను.

"ఒద్దు సారూ! నేనని తెలిస్తె లేసి పోతడు. గీ ఆట గూడ బంద్ పెడితె ఇంక వాణ్ణి ఏడ దేవులాడాలె?"

"మరేం చేస్తారమ్మా?"

"దూరం నుంచి సూస్త. తిన్నడో లేదో అదొక్కటి తెలిస్తె సాలు."

అక్కడే నేను నోరు జారాను. ఆ ఆటలో కూడా తిండి ఉంటుందమ్మా అన్నాను. కొట్లాడేవాళ్ళే కాకుండా అందులో కమ్మరులుంటారు, దర్జీలుంటారు, వంటవాళ్ళూ ఉంటారు. యుద్ధానికి వెళ్ళేవాళ్ళు ముందు ఏదైనా తింటే కాసేపు బలం పెరుగుతుంది. వంటవాళ్ళ దగ్గర కొనుక్కుని తింటారు. ఇదంతా నా షాపులో కుర్రాళ్ళు ఆడుతుంటే చూసి నేర్చుకున్న విద్య. చెప్పడం పూర్తయ్యేలోపే ఎలీశమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నన్ను వంటామెను చేయుండ్రి సారూ."

ఇక చూడండి నా అవస్థ! ముందు ఆమెకొక బొమ్మను ఎంచుకోవాలి. ఆట చూపించిన ఆడబొమ్మలన్నిటికీ అరకొర బట్టలే. "ఛీ ఛీ, నిండుగ బట్టలియ్యుండ్రి" అంది. వెతికి వెతికి ఒక ముసలి సన్యాసిని వేషం వేశాను. పేరు వంటమ్మ అని పెట్టాను. చేతిలో ఒక గాలం, ఒక కత్తి, ఒక కుండ ఇచ్చారు. వాగులో చేపలు పట్టాలి, అడవిలో కట్టెలు ఏరాలి, పొయ్యి రాజెయ్యాలి. కొత్త వంటవాళ్ళకు వచ్చేది ఒకటే వంట, కాల్చిన చేప. అది యాభైసార్లు సరిగ్గా కుదిరితే తర్వాతి వంట నేర్పుతారు, అదే చేపల పులుసు. కొత్తలో సగానికి సగం మాడిపోతాయి, అది ఆటలో ఉన్న పద్ధతి.

మొదటి చేప మాడింది. రెండోదీ మాడింది. ఇరవయ్యేడేళ్ళుగా వండుతున్న మనిషి, నాలుగో నల్లటి చేపను చూసి కళ్ళు తుడుచుకుంది. "నా చేతుల ఎన్నడు మాడలే సారూ. ఉప్పు, పసుపు ఎయ్యకుండ ఎట్ల కాలుస్తరు? ఉప్పు ఏడున్నది దీంట్ల?"

"ఉప్పు లేదమ్మా!"

"ఉప్పు లేని వంటేంది!"

ఎంత మొత్తుకున్నా వినదు. మంట తగ్గించే మీట ఎక్కడుందని అడుగుతుంది. చేపను రెండోవైపు తిప్పేది లేదా అంటుంది. "మీ ఆంధ్రోళ్ళు చేపల్ల చింతపండు ఎక్కువేస్తరు, గిది మీవోళ్ళు చేసిన ఆటనే" అని నన్నే దెప్పింది. నవ్వొచ్చింది కానీ బయటపడలేదు. రోజూ మూడింటికి రావడం, మౌసుతో చేపలు పట్టడం, కాల్చడం, మాడితే నొచ్చుకోవడం. రెండు వారాలు పట్టింది యాభై చేపలకు. పులుసు నేర్చుకున్న రోజున హాస్టల్ నుంచి ఒక గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

యుద్ధానికి వెళ్ళేవాళ్ళంతా కోట గేటు దగ్గర కలుస్తారు. వంటమ్మను తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టాను. ధర పెట్టమంటే ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఊరికే పెట్టింది. మూడో రోజుకు గేటు దగ్గర వరస కట్టారు. ఆ వరసలో కొమ్ముల టోపీ, భుజాన తలుపంత గొడ్డలితో ఒక రాక్షసుడి లాంటివాడు వచ్చి నిలబడ్డాడు. తల మీద పేరుంది. ఎలీశమ్మకు ఇంగ్లీషు అక్షరాలు రావు, కానీ ఆ పేరు మాత్రం బొమ్మలా గుర్తు పెట్టుకుంది. తెర మీద వేలు పెట్టి, "వీడే" అంది.

పది గిన్నెల పులుసు ఇచ్చింది. వాడు ఒకటి అక్కడే తాగాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు. చదివి చెప్పాను, "థ్యాంక్స్ అక్కా, మస్తుంది అంటున్నాడు" అని. ఆమె చేత్తో నోరు మూసుకుని నవ్వింది. ఆ మనిషి అలా నవ్వుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ముందే గట్టిగా చెప్పాను, "మీరు రాయాల్సింది ఒకటే మాట, 'తినుండ్రి' అని. అది తప్ప ఏదీ రాయొద్దు. తెలిసిపోతుంది." తెలుగు అక్షరాలు వచ్చేలా పెట్టిచ్చాను. ఒక్క వేలుతో వెతుక్కుని ఆ ఒక్క మాటా కొట్టేది. పదకొండు రోజులు అలాగే జరిగింది. రోజూ మూడుంబావుకు వాడు రావడం, ఈమె పెట్టడం, వాడు తినడం. ఆమె ముఖంలో కళ వచ్చింది. ఇదేదో బాగుపడేలా ఉందని నేను కూడా ఆశపడ్డాను, సిగ్గు లేకుండా.

పన్నెండో రోజు వాడు ఆలస్యంగా వచ్చాడు. స్నేహితుల కోసం గేటు దగ్గర ఆగి, "జరమొచ్చింది అక్కా, రెండు మూడు రోజులు రాను" అని రాశాడు. చదివి వినిపించాను. అంతలో ఎవరో జిరాక్స్ కోసం వస్తే అటు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. అక్కడి నుంచి చూస్తే ఆమె వేలు అక్షరాలు వెతుక్కుంటోంది. 'తినుండ్రి' రాస్తోంది కాబోలనుకున్నాను. కాగితాలు ఇచ్చి వచ్చేసరికి ఆ మాటలు తెర మీదికి ఎక్కేశాయి.

"మిర్యాలు దంచి చారు పెట్టుకో. మజ్జిగ ముట్టకు, నీకు పడది."

"ఏం చేశావమ్మా!" అన్నాను.

"జరం అన్నడు గద సారూ" అంది, నేనెందుకు అరుస్తున్నానో తెలియనట్టు.

గేటు దగ్గర కింగ్ కదలకుండా నిలబడ్డాడు. స్నేహితులు వచ్చారు, పిలిచారు, వెళ్ళిపోయారు. వాడు కదల్లేదు. కాసేపటికి వాడు రాసింది తెర మీదికి వచ్చింది.

"ఏమన్నడు సారూ?"

"అమ్మా అన్నాడు" అని ఆగిపోయాను.

"అమ్మా అన్నడా?" ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నన్ను గుర్తువట్టిండా? ఇంకేమన్నడు? మొత్తం సదవుండ్రి."

నేను అబద్ధాలు చెప్పలేని మనిషినని కాదు. రోజుకు పది చెబుతాను, సర్వర్ డౌన్ అని. ఆ పూట ఒక్కటి కూడా నోటికి రాలేదు. చదివేశాను.

"అమ్మా, ఈడికి గూడ వచ్చినవా? నాకంటూ ఒక్క జాగ గూడ ఉంచవా?"

ఆమె నా చెయ్యి వదిలేసింది. ఏడవలేదు. తెర మీద గేటు దగ్గర కొమ్ముల టోపీ కనిపించకుండా పోయింది. ఊరికే ఆట మానేసి లేచిపోతే పైన పట్టీలో పేరు మసకబారుతుంది అంతే, కానీ ఎల్బీనగర్ కింగ్ అన్న పేరే అక్కడ లేకుండా పోయింది. వంటమ్మ ఒక్కతే సంచీ నిండా పులుసు గిన్నెలతో నిలబడి ఉంది.

"గీ పులుసు ఖరాబైతదా సారూ?" అని అడిగింది.

"అవదమ్మా. ఈ ఆటలో వండింది ఎన్నాళ్ళైనా అలాగే ఉంటుంది."

"ఐతె ఉండనియ్యుండ్రి. జరం తగ్గినంక ఆకలైతది. వొస్తడు."

హాస్టల్ పిల్లలకు టీ పెట్టే వేళైందని లేచి వెళ్ళింది. రేపు మూడింటికి మళ్ళీ వస్తుంది, కుర్చీ లాక్కుని కూర్చుని గేటు వైపు చూస్తుంది. వాడు ఫోన్లో చేసినట్టే ఇక్కడా తనను బ్లాక్ చేశాడని, ఇకమీదట ఆ గేటు దగ్గర పక్కనే వచ్చి నిలబడినా తన కొడుకు తనకు కనిపించడని ఆమెకు తెలియదు. ఊరందరినీ కసిరే నోరు నాది, ఆ ఒక్క మాట ఎలా చెప్పాలో తెలియక కూర్చున్నాను.