మెట్ల బల్బుకు కట్టిన కవరు

మా మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు నాలుగు నెలలకే పోయింది. చీకట్లో ఆ మెట్లు దిగితే నా మోకాళ్లతో నేరుగా ఆస్పత్రికే. అందుకే పొద్దున్నే ఆదోని బజారులో కొన్న అంగడికి తీసుకెళ్లాను. అంగడాయన దాన్ని ముట్టుకోలేదు.

"పారెయ్ అవ్వా, ఇవి రిపేరుకు రావు. కొత్తది తీస్కపో."

పెట్టె మీద మాత్రం ఏళ్ల తరబడి వెలుగుతుందని రాశారు. రాసినవాడు ఎన్నేళ్లు వెలిగించి చూశాడో!

అంగడాయనను తిట్టుకుంటూ పక్క సందులో రేడియోలు బాగుచేసే మస్తాన్ దగ్గరికి తీసుకెళ్తే, అతను బల్బు మూత ఊడదీశాడు. లోపల వరుసగా ఉన్న చిన్న దీపాల్లో ఒక్కటే నల్లగా మాడింది. ఒక్కటి మాడితే అన్నీ ఆరిపోతాయట, ఏం తెలివో! దాని మీద టంకం వేసి కలపగానే బల్బు వెలిగింది.

"దీనికి గాలాడకుండా ఏమన్నా కప్పినావా అవ్వా?"

"మా ఇంటి పక్క జిన్నింగు మిల్లు దూది ఎగిరొచ్చి పడ్తాంది కదప్పా. బల్బు వేడికి యాడ నిప్పంటుకుంటాదోనని ప్లాస్టిక్ కవరు కట్టినా."

"దూది అంటుకోలా గానీ, బల్బే ఉడికి సచ్చింది!"

అంగడాయనను తిట్టిన తిట్లలో సగం నావేనన్నమాట. ఇంటికొచ్చి కవరు విప్పేసి, బల్బు బిగించి, ఎగిరే దూదిని చూస్తూ మెట్ల మీదే కూర్చున్నాను. మీ బల్బులకు మీరేం తొడిగారో చెప్పండి. పిచ్చిది నేనొక్కదాన్నే అయితే ఆ అంగడాయన ముఖం మళ్లీ చూడలేను.