బొమ్మ వచ్చింది, మాట రాలేదు

మా ఆడపడుచుని ఇంట్లో అందరం టకటక అనే పిలుస్తాం. ఆ పేరు పెట్టింది మా ఆయన. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి టైపు మిషను ముందు నుంచి లేచేది కాదట. వయసొచ్చాక చూపు తగ్గడం మొదలై, చివరికి దీపం వెలుగుతోందో లేదో కూడా తెలియని దాకా పోయింది. వేళ్ళు మాత్రం ఆగలేదు. డాక్టర్లు రోగుల గురించి నోటితో చెప్పి రికార్డు చేసినవి విని, టైపు చేసి పంపేది. తెర మీద ఏముందో కంప్యూటరే గొంతు పెట్టి చదివి వినిపించేది. ఆ గొంతు పలుకుతున్నంత కాలం తనకి ఎవరి సాయమూ అక్కర్లేదు.

అది మొరాయించినప్పుడే మా ఆయన కావలసి వచ్చేవారు. ఆయన పక్కన కూర్చుని తెర మీదిది చదివేవారు, తను ఏం చేయాలో చెప్పేది. అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకుంటూనే బాగుచేసేవాళ్ళు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మొన్న పాత కంప్యూటరు కాలిన వాసన వేసి ఆగిపోయింది. ఆఫీసు మేడమ్ ఫోనులో మెత్తగానే మాట్లాడింది. "శుక్రవారం సాయంత్రంలోగా మీరు పనిలోకి రాకపోతే మీ డాక్టర్లని వేరేవాళ్ళకి ఇచ్చేయాలండీ. నా చేతిలో ఏం లేదు."

టకటక విడి భాగాలు తెప్పించింది. తెచ్చిన షాపతను గుమ్మంలోనే అడిగాడు. "లినక్స్ కొత్తది పెన్ డ్రైవులో ఎక్కించి ఇమ్మంటారా మేడమ్?"

"వద్దు బాబూ. మా అన్నయ్య చేసిపెట్టింది ఉంది."

కంప్యూటరుని నడిపించే ఆ లినక్స్ ఉన్న పెన్ డ్రైవుకి ఆయన నల్ల దారం ముడివేసి ఉంచారు, చెల్లెలి చేతికి తగిలితే ఫలానా అని తెలియాలని.

భోజనాల బల్ల మీద అన్నీ పరుచుకుని తడుముతూ బిగించడం మొదలుపెట్టింది.

"వదినా, మరలు ఏవి?"

"గిన్నెలో వేశా. నీ మోచేతి దగ్గరే ఉన్నాయి."

"గిన్నెలోనా? వండిపెడతావా ఏంటి?"

గురువారం మధ్యాహ్నానికి పూర్తయింది. నల్ల దారం పెన్ డ్రైవు గుచ్చి, స్విచ్చి నొక్కి తల పక్కకి వాల్చి వింది. ఫ్యాను చప్పుడే తప్ప గొంతు లేదు.

"తెర మీద ఏముంది?"

"అంతా నలుపు. మూలన చిన్న గీత కొట్టుకుంటోంది."

"కొట్టుకుంటోందంటే ప్రాణం ఉన్నట్టే. ఇక నువ్వే చదవాలి వదినా."

"నాకేం వచ్చని చదవను?"

నాది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపితే ఏమవుతుందో తెలియదు.

"అక్షరాలు చెప్పు చాలు. కలపడం నా పని."

ఆపి మళ్ళీ వేసింది. మధ్యలో ఏదో మీట నొక్కగానే వరసలు వరసలుగా అక్షరాలు వచ్చాయి. ఎల్, ఐ, ఎన్, యు, ఎక్స్ అని ఉన్న వరస పట్టి చెప్పాను.

"అదే లినక్స్!"

"ఇదా? ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉంటోంది, మొహం ఇవాళ చూశాను."

ఆ వరస చివర్న ఇంకోటి ఉంది. క్యు, యు, ఐ, ఇ, టి.

తను నవ్వింది. "క్వయట్. నోరు మూసుకుని పని చేసుకోమని. దాన్ని పీకేస్తే ఏం చేస్తోందో చెబుతుంది."

"మీ అన్నయ్యకి పెట్టాల్సింది ఆ మాట. సినిమా నడుస్తున్నంతసేపూ పక్కనుంచి కథ చెప్పేవారు."



తను ఆ క్వయట్‌ని చెరిపేసి, తెర మీద బొమ్మ రావాలని ఇంకో మాట కొట్టింది. అక్షరాలు కుప్పలుగా పైకి పాకి పోయి, ఉన్నట్టుండి తెర రంగుల్తో నిండింది.

"వచ్చింది! బొమ్మ వచ్చింది!" అని అరిచాను.

టకటక తల వాల్చే ఉంది. గొంతుని పిలిచే మీటలు నొక్కింది. స్పీకరు తీగ ఊడబీకి మళ్ళీ గుచ్చింది. హెడ్‌ఫోను పెట్టి చూసింది. ఆఖరికి తెర మీదే ఒక నల్ల పెట్టె తెరిచి అందులో ఏదో కొట్టింది.

"ఏమంటోందో చదువు."

"ఎన్... ఓ..."

"ఊఁ."

"ఎస్, ఓ, యు, ఎన్, డి..."

"చాలు వదినా."

మొదటి రెండక్షరాల అర్థం నాకూ తెలుసు.

"సౌండు కార్డు లేదంటోంది," అంది. "ఉంది. కొత్త బోర్డులోనే ఉంది. దీన్ని గుర్తుపట్టడం అన్నయ్య లినక్స్‌కి తెలియదు. ఆయన చేసినప్పటికి ఈ బోర్డు పుట్టనే లేదు."

షాపుకి ఫోను చేస్తే, "బొమ్మ వస్తోంది కదా మేడమ్, ఇంకేంటి ఇబ్బంది?" అన్నాడు. తను ఓపిగ్గా చెప్పింది. ఊరెళ్తున్నానని, సోమవారం కొత్తది పట్టుకొస్తానని అన్నాడు.

శుక్రవారం పొద్దుటి నుంచీ మేమే కొత్త లినక్స్‌ని ఇంటర్నెట్టులోంచి దింపబోయాం. ఒకదాని మీద ఒకటి ఏవో తెరుచుకునేవి. నేను అక్షరాలు కూడబలుక్కునేలోగా అవి మారిపోయేవి. నా గొంతు బొంగురుపోయింది. తను ఒక్కసారి కూడా విసుక్కోలేదు, విసుక్కున్నా బాగుండేది.

సాయంత్రం ఫోను మోగింది. "అలాగేనండీ... అయ్యో, పర్లేదండీ... మీరేం చేస్తారు," అంటూ మాట్లాడి పెట్టేసింది.

"ఇచ్చేశారట," అంది నాతో.

సోమవారం షాపతను అన్నట్టే వచ్చి కొత్త లినక్స్ ఎక్కించాడు. గొంతు వెంటనే పలికింది. "చూశారా మేడమ్, ఎంత స్పష్టంగా మాట్లాడుతోందో!" అన్నాడు సంబరంగా. తను నవ్వి, థాంక్స్ చెప్పి పంపింది. తర్వాత ఒక్కతే కూర్చుని మీటలు నొక్కుతూ దాన్ని పలికించి వింది. టైము చెప్పింది, తారీఖు చెప్పింది. స్విచ్చి కట్టేసింది.

"ఎందుకు ఆపేశావు?"

"దాని దగ్గర చెప్పడానికేం లేదు వదినా."

పని ఇంకా దొరకలేదు. రోజూ పొద్దున్నే ఫోన్లు చేస్తుంది. చూపు సంగతి ముందే చెప్పేస్తుంది, తర్వాత మాట పడటం ఇష్టం లేక. అవతలివాళ్ళు పెట్టేశాక కూడా ఫోనుని కాసేపు చెవి దగ్గరే ఉంచుకుంటుంది.