తొలి ఏకాదశి నాటి క్యాసెట్

దయ్యాలు, ఆత్మలు, మహిమలు అని ఎవరు మాట ఎత్తినా మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసేదాన్ని. కొత్తగా చేరిన అమ్మాయిలు ఖాళీ లైన్లో ఎవరో గొణుగుతున్నారని బెదిరిపోతే, పక్క లైను మాటలు ఇటు కలుస్తున్నాయని చెప్పి వాళ్ళ హెడ్‌సెట్ మళ్ళీ తలకు తగిలించేదాన్ని. చెవికి వినబడే ప్రతిదానికీ ఎక్కడో ఒక తీగ ఉంటుందని నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేదానికి ఆ తీగ ఎక్కడుందో ఇంతవరకూ నాకు దొరకలేదు.

మాది పాతబస్తీలోని గౌలిపుర. మా బాపు కిష్టయ్య బస్సుల వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. కానీ గల్లీలో ఆయన్ను అందరూ ఎరిగింది పాటతోనే. శాలిబండలో ఒక ఇరుకు సందులో చిన్న విఠలుడి గుడి ఉండేది. అక్కడి భజన మండలిలో బాపు ముందు పాడితే మిగతావాళ్ళు అందుకునేవారు.

ప్రతి ఏడూ తొలి ఏకాదశి నాడు పొద్దు పొడవగానే భజన మొదలయ్యేది. దీపాలు పెట్టేవేళ దాకా ఆపకూడదు. వంత పాడేవాళ్ళు వచ్చిపోతుండేవారు. బాపు మాత్రం చేతిలో చిడతలతో స్తంభానికి ఆనుకుని అక్కడే కూర్చునేవారు. నా చిన్నప్పుడు ఆయన గొంతు ఎత్తితే సందు చివర పాలడబ్బాలు కడిగే ఆడవాళ్ళు చేతులు ఆపి వినేవారు.

ఎనభైల మొదట్లో ఆ గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. కషాయాలు తాగించాం. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోతే, లోపల గడ్డ ఉందని, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని చెప్పారు. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం ఇక ఎన్నటికీ రాదు.

బాపు డాక్టరును ఒక్కటే అడిగారు. "తొలి ఏకాదశి దాకా ఆగొచ్చునా సార్?"

డాక్టరు ఒప్పుకున్నారు గాని, పాడొద్దని గట్టిగా చెప్పారు. ఇంటికి వచ్చాక అమ్మ లొల్లి చేసింది. "పాణం కన్న పాట ఎక్కువనా నీకు?" అని ఏడ్చింది. బాపు నవ్వి, "ఒక్కనాడే గదనే" అన్నారు. ఆయన పాడకుండా ఉండరని నాకు తెలుసు.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. అన్నేళ్ళు పాడిన మనిషి గొంతు ఎక్కడా పట్టి ఉంచలేదు. మా ఇంట్లో రేడియో ఉంది, టేప్ రికార్డర్ లేదు. ఎక్స్ఛేంజిలో పొద్దస్తమానం ఊరందరి మాటలూ కలిపే నాకు, మా బాపు గొంతు దాచుకోవాలని అంతవరకు తోచలేదు.

నయాపూల్ దగ్గర యూసుఫ్ భాయ్ రేడియోలు, టేప్ రికార్డర్లు రిపేరు చేసేవాడు. మా రేడియో చెడితే ఆయన దగ్గరికే పోయేది. విషయం చెప్పి, పొద్దున నుంచి పొద్దుగూకే దాకా రికార్డు చెయ్యాలంటే ఏ మిషన్ మంచిదని అడిగాను.

ఆయన మూల నుంచి పెద్ద చక్రాల మీద రీలు తిరిగే పెట్టెంత స్పూల్ మిషన్ లాగి బల్ల మీద పెట్టాడు. "బేటీ, ఇదైతే బేఫికర్. పెద్ద చక్రం ఎక్కించి నిదానం స్పీడ్ల పెడితే గంటలు గంటలు నడుస్తది. ఆవాజ్ గూడ మస్తుగ వస్తది."

ఎత్తి చూశాను. భుజం దిగింది. దానికి కరెంటు కావాలి. గుడిలో ఉన్న ఒక్క ప్లగ్గూ దేవుడి దగ్గర బల్బుకే సరి. పైగా ఆషాఢంలో చినుకు పడితే చాలు, శాలిబండలో కరెంటు పోయేది. మధ్యలో కరెంటు పోతే ఎంత పెద్ద చక్రం ఉండి ఏం లాభం?

"క్యాసెట్‌ది తీసుకుంట భాయ్. సెల్లుల మీద నడిచేది" అన్నాను.

"మరి క్యాసెట్ ఒక్క వైపు అయిపోంగనే పల్టాయించాలె గద. గంత సేపట్ల పాట పోతది."

"రెండు పెడ్త. ఒకటి అయిపోకముందే ఇంకోటి నడిపిస్త."

ఆయన నా ముఖం చూసి నవ్వాడు. "ఎక్స్ఛేంజి దిమాగ్" అన్నాడు.

ఆయన దగ్గర ఒక జపాన్ మిషన్ కొన్నాను. ముందు భాగంలో చిన్న అద్దం, అందులో సూది. శబ్దం పెరిగితే సూది లేస్తుంది, తగ్గితే పడుతుంది. రెండోది నాతోపాటు పనిచేసే అమ్మాయి ఇచ్చింది, వాళ్ళ తమ్ముడు దుబాయి నుంచి తెచ్చింది. అన్నిటికన్నా ఎక్కువసేపు వచ్చే క్యాసెట్లు కొందామనుకుంటే యూసుఫ్ భాయ్ వద్దన్నాడు. వాటి రీలు పలచగా ఉండి చక్రానికి చుట్టుకుపోతుందట. అందుకని తొంభై నిమిషాలవి తీసుకున్నాను. సెల్లులు నీరసిస్తే రీలు నెమ్మదిగా తిరుగుతుంది, అప్పుడు రికార్డయిన గొంతు తరువాత వింటే కీచుగా మారుతుంది. అందుకని మధ్యాహ్నం మార్చడానికి కొత్త సెల్లులు కూడా తెచ్చాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు వాడిన క్యాసెట్లన్నీ కొత్తవి. వాటి మీది ప్లాస్టిక్ కాగితం గుడిలో కూర్చుని నా చేత్తో నేనే చించాను.

ఏకాదశి నాడు ఆకాశం మబ్బుగా ఉంది గాని వాన పడలేదు. బాపుకు ఎదురుగా చిన్న పీట వేసి రెండు మిషన్లూ దాని మీద పెట్టాను. పొద్దున ఆయన గొంతు బొంగురుగానే లేచింది. అయినా వెనక్కి తగ్గలేదు. పై స్థాయి అందకపోతే కింది స్థాయిలో పాడుకుంటూ పోయారు. హార్మోనియం వాయించే బాలయ్య మామ ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. బాపు ఎక్కడ తడబడతారో కనిపెట్టి, అక్కడ హార్మోనియం గట్టిగా వాయించి కప్పేస్తున్నాడు. నాకు మాత్రం ఆ సూది తప్ప ఇంకేమీ పట్టలేదు.

మధ్యాహ్నం హారతి అయింది. సెల్లులు మార్చాను. బాపు తనకు చాలా ఇష్టమైన ఒక కీర్తన ఎత్తుకున్నారు. పల్లవి అయింది. మొదటి చరణం సగంలో గొంతు చీలింది. తరువాత గాలి మాత్రమే వచ్చింది. ఆ తరువాత అదీ లేదు.

బాలయ్య మామ చేతులు ఆగిపోయాయి. ఢోలక్ ఆగింది. వంత పాడేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బాపు మాత్రం ఆగలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. చేతిలో చిడతలు తాళం తప్పకుండా పడుతున్నాయి. ఆ చిడతల చప్పుడు, రోడ్డు మీద బస్సు హారన్, గోపురం మీద పావురాలు. ఇవి తప్ప గుడిలో ఏ శబ్దమూ లేదు. నేను ఆయన పక్కకు జరిగి, చెవి దగ్గర వంగి చెప్పాను. "బాపూ, ఇగ ఆపు. గొంతు పోయింది. జెర నీళ్ళు తాగు." ఆయన వినలేదు. ఆయన నోటికి నా చెవి జానెడు దూరంలో ఉంది. ఊపిరి తప్ప నాకేమీ వినబడలేదు.

మళ్ళీ నా చోటికి వచ్చి కూర్చుని మిషన్ వైపు చూశాను. సూది ఊగుతోంది.

చిడతల దెబ్బకు లేచి పడితే అర్థం ఉంది. అలా లేదు. మెల్లగా లేచి, పైన నిలబడి, వణికి, మళ్ళీ మెల్లగా దిగుతోంది. పొద్దున బాపు ఒక రాగం సాగదీస్తే ఎలా ఊగిందో సరిగ్గా అలాగే. మిషన్ చెడిపోయిందనుకున్నాను. మిగతా రోజు పాటంతా రికార్డు కాకుండా పోతుందని భయపడి, గబగబా రెండో మిషన్ కూడా నొక్కాను. అలా ఆ కీర్తన సగం నుంచీ రెండు క్యాసెట్లూ ఒకేసారి తిరిగాయి.

కీర్తన ఎంతసేపు పడుతుందో అంతసేపూ బాపు పెదవులు కదిలాయి. చివరి చిడత దెబ్బ పడ్డాక కళ్ళు తెరిచారు. ఆ ముఖం నేను ఎన్నడూ మరిచిపోలేను. తిరునాళ్ళలో తప్పిపోయి మళ్ళీ అమ్మ కనబడిన పిల్లవాడి ముఖంలా వెలిగిపోతోంది. నీళ్ళు తాగి, బాలయ్య మామను పాడమని సైగ చేశారు. దీపాలు పెట్టేదాకా మిగతావాళ్ళే పాడారు, ఆయన తాళం వేశారు.

ఆపరేషన్‌కు ముందు రోజు ఆసుపత్రిలో బాపు నన్ను దగ్గరికి పిలిచారు. నా చెవి ఆయన నోటికి ఆనిస్తే గాలిలాంటి మాటలు వినబడుతున్నాయి.

"మధ్యాన్నం పాడిన జూడు బిడ్డా, గట్ల ఎన్నడు పాడలె. గొంతు దానంతటదే పోయింది పైకి."

నాకు ఏడుపు ఆగలేదు. "అవు బాపూ, మస్తుగ పాడినవు" అన్నాను. పాపం, మనసుకు సమాధానం చెప్పుకుంటున్నారని అనుకున్నాను. మరుసటి రోజు స్వరపేటిక తీసేశారు.

ఆయన ఇంటికి వచ్చాక చాలా వారాలు ఆ క్యాసెట్లు ముట్టుకోలేదు. "మళ్ళ మళ్ళ యాది జేసి ఏడిపియ్యకు" అంది అమ్మ. ఒక ఆదివారం పొద్దున బాపే క్యాసెట్లు దాచిన బీరువా వైపు వేలు చూపించారు. బాలయ్య మామ కూడా వచ్చి ఉన్నాడు. నేను పొద్దుటి క్యాసెట్ పెట్టాను. బొంగురు గొంతు, దాన్ని కప్పే హార్మోనియం, అంతా మేము విన్నట్టే ఉంది.

మధ్యాహ్నం క్యాసెట్ వచ్చింది. పల్లవి అయింది. మొదటి చరణం సగానికి రాగానే, ఆ నిశ్శబ్దం ఆయనకు వినిపించడం ఇష్టం లేక ఆపబోయాను. బాపు నా చెయ్యి పట్టుకున్నారు.

గొంతు చీలింది. హార్మోనియం ఆగింది. ఢోలక్ ఆగింది. ఆ తరువాత పాట వచ్చింది.

బొంగురు లేదు. నా చిన్నప్పుడు సందు చివరి దాకా వినబడిన గొంతు అది. ఒంటరిగా, చిడతల మీద, చరణం పైకి ఎక్కుతోంది. దాని కింద నా గుసగుస స్పష్టంగా ఉంది. "బాపూ, ఇగ ఆపు. గొంతు పోయింది." నేను అలా అంటూనే ఉన్నాను, ఆ గొంతు పాడుతూనే ఉంది. బస్సు హారన్ ఉంది. పావురాలు ఉన్నాయి.

బాలయ్య మామ రెండు చేతులూ జోడించి గోడకు ఆనుకుపోయాడు. "గిది కిష్టయ్యదే. చరణానికి ముందు గా ఊపిరి జూడు. గట్ల ఇంకెవ్వలు తీయరు" అన్నాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది.

నేను బాపు వైపు తిరిగాను. మెడకు గుడ్డ కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పెదవులు కదులుతున్నాయి. క్యాసెట్లో వచ్చే ప్రతి అక్షరానికీ ఆ పెదవులు సరిపోతున్నాయి. నాకు కలిగింది భయం కాదు. గుడిలో కూడా నాకు ఎన్నడూ కలగని ఒక భావం. లేచి నిలబడి, మిషన్‌కు దండం పెట్టాలో బాపుకు పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయాను.

రెండో క్యాసెట్ కూడా పెట్టి చూశాను. నేను నొక్కిన చోటు నుంచి అందులోనూ అదే గొంతు.

రెండూ పట్టుకుని యూసుఫ్ భాయ్ దగ్గరికి పోయాను. పాత రికార్డింగు సరిగా చెరగకపోతే కింద వినబడుతుంది అన్నాడు. క్యాసెట్లు కొత్తవని, బాపు గొంతు అంతకుముందు ఎవరూ రికార్డు చెయ్యలేదని చెప్పాను. సన్నని శబ్దాన్ని మిషన్ దానంతటదే పెంచుతుంది, అదేమో చూద్దామన్నాడు. అలా అయితే చిడతలూ నా గుసగుసా కూడా పెరగాలి కదా. అవి ఉన్నంతే ఉన్నాయి. ఆయన తలుపు దగ్గరికి వేసి, చెవి ఆనించి మొదటి నుంచి చివరి దాకా రెండు సార్లు విన్నాడు. టోపీ సర్దుకుని క్యాసెట్లు నా చేతిలో పెట్టాడు.

"మిషన్ల ఏం ఖరాబ్ లేదు బేటీ. ఏది ఆవాజ్ వస్తే గదే పడతది దాంట్ల" అన్నాడు.

చెకప్‌కు పోయినప్పుడు డాక్టరును కూడా మాటల్లో అడిగాను. గడ్డ పెరిగిన తీరు చూస్తే ఆ రోజు ఆయన అంత సేపు పాడడమే ఆశ్చర్యమని, ఇక పూర్తి గొంతుతో పాడే ప్రశ్నే లేదని అన్నారు. క్యాసెట్ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు.

బాపు ఆ తరువాత చాలా ఏళ్ళు ఉన్నారు. ఏకాదశి వస్తే గుడికి పోయి తాళం వేసేవారు. ఇంట్లో ఆ క్యాసెట్ అరుదుగా అడిగేవారు. అడిగినప్పుడల్లా వింటూ తల ఊపేవారే గాని ఒక్కసారి కూడా ఆశ్చర్యపోలేదు. మేమంతా కళ్ళు తుడుచుకుంటుంటే, ఇందులో ఏముందన్నట్టు మా వైపు చూసేవారు.

ఆ మధ్యాహ్నం గుడిలో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. అందరిదీ ఒకటే మాట. పెదవులు కదిలాయి, పాట రాలేదు. క్యాసెట్ వినిపిస్తే మళ్ళీ అందరిదీ ఒకటే మాట. ఇది కిష్టయ్య గొంతే.

ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్నది, లేని గొంతు క్యాసెట్లోకి ఎలా వచ్చిందనే. ఈ మధ్య ఇంకో ప్రశ్న తోస్తోంది. బాపు పాడానన్నారు. రెండు మిషన్లూ పాడారన్నాయి. మరి అంత దగ్గరగా కూర్చుని, మేమెందుకు వినలేకపోయాం?