కోలుకునేదాకా

గుడివాడలో మిషను కుట్టుకుని బతికే లక్ష్మీకాంతానికి ఇల్లంటే ఒక గది, ఒక వరండా. పన్నెండేళ్లు పెంచిన కుక్క చచ్చిపోయినప్పుడు మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇక జన్మలో ఏ జంతువునూ చేరదీయనని ఒట్టు పెట్టుకుంది.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. రెండు వారాలకు పశువుల ఆసుపత్రి కాంపౌండరు కృపానందం ఆవిడ ఇంటి ముందు రిక్షా ఆపాడు. గోనెపట్టాలో చుట్టిన ఆడకుక్క ఒకటి అందులో పడుకుని ఉంది. ఇనుపరేకు కోసుకుని వెనక కాలు లోతుగా తెగింది.

"ఆసుపత్రి షెడ్డు నిండా దూడలేనండీ. దీన్ని తొక్కేస్తున్నాయి."

"నేనింక పెంచనని చెప్పాగా కృపానందంగారూ."

"పెంచుకోమనట్లేదండీ. కోలుకునేదాకా ఉంచండి చాలు. తర్వాత ఎవరికైనా ఇద్దాం."

ఆ మాటతో ఆవిడ గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

నాలుగు రోజులు కుక్క ఏమీ తినలేదు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కుంటుకుంటూ వచ్చి మిషను కింద దూరి, తొక్కే పలక మీద తల ఆనించి వణికేది. పెళ్లివారి జాకెట్లేమో తొందరగా ఇచ్చెయ్యాలి. లక్ష్మీకాంతం బెల్టు ఊడదీసి, చేత్తో చక్రం తిప్పుకుంటూ కుట్టింది. అయిదో రోజు తన కంచం తెచ్చుకుని దాని పక్కనే నేల మీద కూర్చుని పెరుగన్నం తింటుంటే, అది మెల్లగా మూతి చాచింది.

పేరు మాత్రం పెట్టలేదు. పేరు పెడితే ఇవ్వలేనని భయం.

ఫిబ్రవరికల్లా కాలు ఆనించి నడిచింది. ఆవిడ వీధి మలుపులో కనిపిస్తే నడుమంతా ఊపుకుంటూ ఎదురొచ్చేది. సరిగ్గా అప్పుడే కృపానందం కబురు తెచ్చాడు. అవనిగడ్డ అవతల కోటమ్మ అనే ముసలావిడ ఇంటిల్లిపాదినీ ఉప్పెనలో పోగొట్టుకుని, కొత్తగా వేసిన పాకలో ఒంటరిగా ఉంటోంది. తోడుకు ఒక కుక్క కావాలందట.

"మీకు ఇవ్వబుద్ధి కాకపోతే ఉంచేసుకోండి. నేనేదో సర్దిచెప్తాను," అన్నాడు.

లక్ష్మీకాంతం కత్తెర కింద పెట్టింది. "నాకు ఇరుగుపొరుగున్నారండీ. ఆవిడకెవరున్నారు?"

తాటాకు తీసుకెళ్తున్న లారీలో ముగ్గురూ బయల్దేరారు. పాక ముందు కోటమ్మ కుక్కను తలనుంచి తోకదాకా తడిమి చూసింది.

"దీని పేరేంటమ్మా?"

"పెట్టలేదండీ. మీరే పెట్టుకోండి. గాలి వీస్తే మాత్రం భయపడుతుంది."

"నాకూ భయమేనమ్మా," అంది కోటమ్మ. "ఇద్దరం ఒకచోట కూచుంటాం."

లారీ కదిలాక లక్ష్మీకాంతం వెనక్కి తిరిగి చూడలేదు. చల్లపల్లి దాటేదాకా కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. "ఇంకెప్పుడూ ఇలాంటివి నా దగ్గరికి తేకండి," అని కృపానందానికి గట్టిగా చెప్పింది.

తొమ్మిదో రోజున తనే ఆసుపత్రికి వెళ్లింది. షెడ్డు మూలన గజ్జి పట్టిన కుక్కపిల్ల ఉంటే, అడక్కుండానే ఒళ్లోకి తీసుకుంది.

అలా రెండేళ్లలో ఏడు వచ్చాయి. ఆరింటికి ఇళ్లు దొరికాయి. ఒకటి ఆవిడ చేతుల్లోనే పోయింది. ఆ రోజు మళ్లీ అన్నం ముట్టలేదు కానీ, ఒట్లేమీ పెట్టుకోలేదు.

డెబ్భై తొమ్మిది చివర్లో కోటమ్మ ఎవరిచేతో కార్డు రాయించింది. కుక్క మూడు పిల్లల్ని పెట్టిందట, అచ్చం తల్లిలాగే ఉన్నది ఒకటుందట, పంపమంటావా అని అడిగింది. లక్ష్మీకాంతం ఆ కార్డు రెండుసార్లు చదువుకుని, అదే రోజు జవాబు రాసింది.

"దాన్ని మీ ఊళ్లోనే ఎవరికైనా ఇవ్వండి పిన్నిగారూ. నా వరండాలో ఇప్పుడు కొత్తగా వచ్చినది ఒకటుంది. దానికింకా కళ్లు సరిగా కనబడట్లేదు."