నిలువుటద్దం ముందు జాకెట్టు

రాస్తున్నావా అమ్మలూ? చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నవ్వకు.

అప్పట్లో మేం పోర్టు క్వార్టర్సులో ఉండేవాళ్లం. నేను వంటింట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఓ పక్క చేపల పులుసు, ఓ పక్క నా కుట్టు. వచ్చినవాళ్లు కత్తిపీట పక్కన నిలబడి ఏదో ఒక వంక పెట్టేవాళ్లు. అందరిలోకీ ఘటికురాలు ఎదురింటి వదిన.

"ఏటొదినా ఇది? సంకలో పట్టేత్తంది. సెయ్యెత్తితే ఊపిరాడ్డం నేదు!"

మీ తాతయ్యది గోదావరి జిల్లా. నలుగురిలో మాటపడటం ఆయనకి గిట్టదు. "ఇంకొక్క జాకెట్టు వెనక్కొచ్చిందంటే మిషను అమ్మేస్తానంతే" అన్నారు. అది మా అమ్మ ఇచ్చిన మిషను. నాకు అన్నం సహించలేదు.

పాతూళ్లో దర్జీ మాస్టారు ఒకాయన ఉండేవారు, సాయిబుగారు. దారాలు ఆయన దగ్గరే కొనేదాన్ని. వదిన జాకెట్టు తీసుకెళ్లి చూపించాను.

"సంక కాడ రెండు కుట్లిప్పితే సాలమ్మా. తప్పు కుట్టుది కాదు. వంటింట్లో ఇత్తే జాకెట్టుకైనా ఉప్పు సాల్నేదంతారు. ముందుగదిలో కూకోబెట్టు, అద్దం ఎట్టు, అందర్నీ ఒక్కపాలే పిలు" అన్నారు.

మర్నాడే మిషను ముందుగదిలోకి లాగించాను. బీరువాని తిప్పి దాని నిలువుటద్దం కిటికీకి ఎదురుగా పెట్టాను. పాత చీర తెరగా కట్టి, మెళ్లో టేపు వేసుకుని, ఆది జాకెట్లు ఇచ్చినవాళ్లందర్నీ ఆదివారం టీకి పిలిచాను. ఈ హడావిడిలో వదిన జాకెట్టుకి కుట్లు విప్పడమే మర్చిపోయాను! ఆవిడ దాన్ని తీసుకుని తెర వెనక్కి వెళ్లాక గుర్తొచ్చింది. వరండాలో మీ తాతయ్య పేపరు చాటున చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

వదిన బయటికొచ్చి అద్దం ముందు ఇటు తిరిగింది, అటు తిరిగింది. సీతమ్మధార నుంచి వచ్చి టీ తాగుతున్న డాక్టరుగారి భార్య "భలే కుదిరిందండీ" అంది.

అంతే, వదిన ముఖం వెలిగిపోయింది.

"నాను సెప్పనేదేటి? మా వదిన సెయ్యి పడితే తిరుగునేదు. ఎంత ఒదులో సూడండి!" అంటూ చెయ్యి పైకెత్తింది.

చంకలో పుటుక్కుమంది.

వదిన చెయ్యి దించకుండానే, "ఇప్పుడింకా బాగుంది" అంది.

సరిగ్గా రెండు కుట్లే ఊడాయి. మాస్టారు చెప్పినన్నే.

మిషను సంగతా? మళ్లీ ఆదివారానికి వచ్చేవాళ్లు కూర్చోవడానికి మీ తాతయ్యే ఓ బల్ల మోసుకొచ్చారు.