దుంకేటప్పటి ఫోటో

నా ఫోన్‌లో ఉన్నంత మంది నిటారు మనుషులు ఇంకెవరి ఫోన్‌లోనూ ఉండరు. ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పేదాన్ని కాబట్టి రోజూ ఏదో ఒక ఫోటో తీసి బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. అన్నం వడ్డిస్తే ఫోటో, మొక్క నాటితే ఫోటో, పిల్లలు చేతులు కడుక్కుంటే ఫోటో. మా పెద్దపల్లి వైపు పిల్లలకు ఫోటో అంటే ఒక పద్ధతి ఉంది. ఫోన్ పైకి లేచిందంటే చేస్తున్న పని ఆపాలి, చేతులు పక్కలకు అంటించాలి, ఫోన్ దిక్కు చూడాలి. చేతులు కడుక్కుంటున్న ఫోటో కావాలని ఎంత మొత్తుకున్నా, నల్లా కింద చేతులు పెట్టి తలలు మాత్రం నా వైపు తిప్పి నిలబడతారు. నీళ్లు వాటి మానాన అవి పోతుంటాయి. పదేళ్లు ఇలా తీసీ తీసీ, మేడం ఫోటోలు మంచిగా తీస్తుందని నాకో పేరు వచ్చింది. కదలని వాళ్లను తీయడంలో గొప్పేముందో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఆ పేరు మా తమ్ముడి దాకా పోయింది. వాడు మస్కట్‌లో పైపుల పని చేస్తాడు. వాడి కూతురు మా బడిలోనే తొమ్మిదో తరగతి. గేటు లోపల నన్ను మేడం అంటుంది, గేటు దాటగానే అత్తమ్మా అంటుంది. చదువు అంతంత మాత్రమే గానీ లాంగ్ జంప్‌లో మాత్రం మండలంలో దాని ముందు నిలిచేవాళ్లు లేరు. ఒక శుక్రవారం, వాడి సెలవు రోజున, ఫోన్‌లో మాట్లాడుతూ తమ్ముడు అడిగాడు.

"అక్కా, నిలవడ్డ ఫోటోలు నా దగ్గర మస్తున్నయి. బిడ్డ దుంకుతుంటె ఒక్కటి తీసి పంపరాదు."

వీడియోలు పంపాము కదరా అన్నాను. వీడియోలో అది కళ్లు మూసి తెరిచేలోగా ఇసుకలో పడిపోతోందట. గాలిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో నిదానంగా చూసుకోవాలని ఉందన్నాడు. ఇదెంత పని, రేపే పంపిస్తానని చెప్పేశాను.

మర్నాడు సాయంత్రం బడి వదిలాక గ్రౌండ్‌కు వెళ్లాను. మానేరు వాగు దగ్గరే కాబట్టి మా ఇసుక గుంతకు ఇసుక కరువు లేదు. వరి కోతల కాలం కావడంతో గ్రౌండ్‌లో సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆ వడ్ల పక్కగా మిగిలిన బాటలోనే పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి దూకింది. నేను నొక్కాను. చూస్తే ఖాళీ ఇసుక గుంత. రెండోసారి నొక్కితే ఒక కాలు. మూడోసారి మొత్తం మనిషి పడింది కానీ, తడి చేత్తో చెరిపిన ముగ్గులా ఉంది. అదే పంపాను.

"గిండ్ల మనిషేది అక్కా? పొగ గనవడుతుంది" అన్నాడు తమ్ముడు.

నాకు కోపం వచ్చింది. వాడి మీద కాదు, ఫోన్ మీద. మా ఆయనను ఇంకో ఫోన్ కొనమన్నాను. ముందు ఆ అద్దం తుడువు, నూనె జిడ్డు ఉంది అన్నాడాయన. నిజమే, ఉంది. కొంగుతో తుడిచాను. ఆ తర్వాత పంతం పట్టి ఒక్కొక్కటే నేర్చుకున్నాను. సాయంత్రం నీడలో పనికాదు. ఎండ బాగా ఉంటేనే ఫోన్ కన్ను తొందరగా మూసుకుంటుంది, మనిషి చెదరదు. దూరం నుంచి వేళ్లతో లాగి పెద్దది చేస్తే బొమ్మ గరుకు తేలుతుంది కాబట్టి కాళ్లతోనే దగ్గరకు పోవాలి. ఫోన్ తెరలో పిల్ల దూకే చెక్క పలక మీద ముందే వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే తాళం గుర్తు వస్తుంది, ఇక ఫోన్ అటూ ఇటూ వెతుక్కోదు. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. దూకిన తర్వాత కాదు, దూకబోయే ముందే బటన్ నొక్కి వదలకుండా ఉంటే టకటకమని ఇరవై ఫోటోలు పడతాయి. అందులో ఒక్కటైనా దక్కుతుంది.

నేను ఇదంతా నేర్చుకుంటున్న రోజుల్లోనే పిల్ల ఫౌల్ చేయడం మొదలుపెట్టింది. పలక దాటి కాలు పెట్టడం, జంప్ లెక్కలోకి రాకపోవడం. కరీంనగర్‌లో సెలక్షన్ పది రోజుల్లో ఉంది. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు, శిక్షణ. నెగ్గకపోతే ఇక్కడే పదో తరగతి, ఆ తర్వాత ఎవరూ దూకమనరు. అది ఆ పిల్లకు తెలుసు, మాకందరికీ తెలుసు. పీఈటీ సార్ తల పట్టుకున్నాడు. పొద్దున ఆయన చూసినప్పుడు బాగానే దూకుతుందట, సాయంత్రం నా ముందు మాత్రం పలక దాటేస్తుంది. పిల్లకు శ్రద్ధ తగ్గిందని నేనూ నాలుగు మాటలు అన్నాను. అది తల వంచుకుని ఇసుక దులుపుకుంది.

మా మరదలు, అంటే పిల్ల తల్లి, మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"వదినా, నువ్వు గా ఫోన్ వెట్టి తీసుడు మొదలువెట్టిన కాంచే పిల్లకు గిట్లయితుంది. దిష్టి తాకింది."

నాకు ఒళ్లు మండింది. బడిలో పాఠాలు చెప్పేదాని ముందు దిష్టి మాటలేమిటని గట్టిగానే అన్నాను. ఆమె టీ తాగి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున, మంచి ఎండలో, చివరికి ఫోటో కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే మడమ వెనక లేచిన ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టవచ్చు. జడ గాలిలో నిలిచిపోయి ఉంది. నేను సంబరంగా కళ్లద్దాలు పెట్టుకుని పెద్దది చేసి చూశాను. బొటనవేలు పలక దాటి ఉంది. ముఖం చూస్తే, అది ఎదురుగా లేదు. పక్కన నిలబడిన నా వైపు తిరిగి ఉంది. నవ్వుతోంది.

ఇరవై ఫోటోలూ చూశాను. అన్నింటిలో అదే. పాత చెదిరిన ఫోటోలు కూడా తీసి చూశాను. ముద్దలా ఉన్న మనిషిలో కూడా పళ్ల తెలుపు నా వైపే ఉంది. పలక చూసుకోవాల్సిన క్షణాన పిల్ల నా ఫోన్ చూస్తోంది.

దగ్గరకు పిలిచి అడిగాను. దానికి ఆశ్చర్యం వేసింది, ఇది అడగాల్సిన విషయమా అన్నట్టు.

"నేను జూడకపోతె బాపుకు నా మొఖం ఎట్ల గనవడతది అత్తమ్మా?"

ఆ పిల్లకు రెండేళ్లప్పుడు తమ్ముడు మస్కట్ వెళ్లాడు. రెండేళ్లకోసారి వస్తాడు, రెండు నెలలుంటాడు. మిగతా కాలమంతా వాళ్లింట్లో ఫోన్ పైకెత్తితే ఒకటే మాట, బాపున్నడు చూడు అని. అన్నం తింటూ చూసింది, జ్వరంలో చూసింది, బడికి వెళ్తూ గడపలో ఆగి చూసింది. ఆ మాట నేనే దానికి ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు చూడవద్దంటే ఎలా? నాకు నా మీదే అసహ్యం వేసింది. ఇన్ని రోజులు పిల్ల దారికి అడ్డంగా నిలబడి, పైగా దాన్నే తిట్టాను.

ఆ సాయంత్రమే మరదలి దగ్గరకు వెళ్లి, నువ్వన్నది సగం నిజమేనని ఒప్పుకున్నాను. దిష్టి కాదు గానీ ఫోన్ వల్లేనని చెప్పాను. ఆమె నవ్వి, సగమైనా ఒప్పుకున్నందుకు రెండు జొన్నరొట్టెలు పెట్టింది. ఇక గ్రౌండ్‌లో ఫోన్ తీయనని మాటిచ్చాను. పిల్ల కాలు మళ్లీ పలక మీదికి వచ్చింది. తమ్ముడికి మాత్రం ఫోటో కొన్నాళ్లు ఆగాలని చెప్పాను. సరే అక్కా అన్నాడు గానీ, ఆ సరేలో ఉత్సాహం లేదు.

సెలక్షన్ రోజు పొద్దున్నే బస్సులో కరీంనగర్ వెళ్లాము. నా ఫోన్ సంచి అడుగున ఉంది. కానీ స్టేడియంలో నేను ఊహించనిది ఎదురైంది. ఇసుక గుంతకు రెండు వైపులా తాడు కట్టి ఉంది, ఆ తాళ్ల వెంబడి తల్లులు, తండ్రులు, సార్లు, అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మా పిల్ల పరుగెత్తుకొచ్చింది, పలక దగ్గర ముఖం పక్కకు తిరిగింది. ఫౌల్ అని ఎర్ర జెండా లేచింది. రెండోసారి కూడా ఎర్ర జెండానే. పీఈటీ సార్ నేల మీద కూర్చుండిపోయాడు. పిల్ల ఏడవలేదు, పెదవి కొరుక్కుంటూ వెనక్కి నడిచింది. మా మరదలు నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు నాకు తోచింది. చూడవద్దని చెప్పడం మా వల్ల కాదు. ఆ పిల్ల చూస్తుంది, చూసి తీరుతుంది. అయితే ఎటు చూడాలో మాత్రం మనం మార్చవచ్చు కదా. వరస చివర నిలబడి ఉన్న దాని దగ్గరకు గబగబా వెళ్లాను.

"కోడలా, ఇయ్యాల బాపు పక్కకు లేడు. గా ఇసుక అవుతల, సీద ముందట ఉన్నడు. నేను గాడికే వోతున్న. సీద ఉరుకు."

గుంత అవతల, తాడు వెనక, సరిగ్గా మధ్యలో వెళ్లి నిలబడ్డాను. ఫోన్ తీసి తలకంటే పైకి ఎత్తి చూపించాను. అంత దూరం నుంచి కూడా పిల్ల భుజాలు సర్దుకోవడం కనిపించింది. తర్వాత ఫోన్ దించి, మోచేతులు పక్కలకు ఆనించి, పలక మీద వేలు నొక్కి పట్టాను. పిల్ల బయలుదేరింది. రెండు పక్కలా ఉన్న ఫోన్లన్నిటినీ దాటుకుంటూ, నా వైపే చూస్తూ వచ్చింది. నేను నొక్కి వదల్లేదు.

ఇసుక నా కాళ్ల మీద పడింది. తల ఎత్తి చూస్తే తెల్ల జెండా. టేపు పట్టి కొలిచారు. గంట తర్వాత చదివిన పేర్లలో మా పిల్ల పేరు మూడోది. మరదలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, పిల్ల మాత్రం ఆకలవుతోందంది.

బస్టాండులో బజ్జీలు తింటూ ఫోటోలు చూశాము. ఎదురుగా వచ్చే మనిషి పక్క నుంచి పోయే మనిషిలా చెదిరిపోదని నాకు అప్పుడే తెలిసింది. ఒకటి అద్దంలా పడింది. రెండు కాళ్లు ముందుకు చాపి, పిడికిళ్లు బిగించి, కళ్లు సూటిగా పెట్టి, ఫోటోలోంచి బయటికి వచ్చేస్తున్నట్టే ఉంది. దాన్నే తమ్ముడికి పంపాను. చూశాడని ఫోన్‌లో నీలం గుర్తు పడింది. బస్సు సుల్తానాబాద్ దాటాక వాడి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముగ్గురం తలలు దగ్గర పెట్టుకుని విన్నాము. ముందు కాసేపు మిషన్ల చప్పుడు, ఆ వెనక వాడు ముక్కు చీదుకున్న చప్పుడు.

"అక్కా, బిడ్డ నా మీదికే దుంకుతున్నట్టున్నదే. పట్టుకుందామని రెండు చేతులు సాపిన. ఫోన్ కిందవడి అద్దం పలిగింది."