పప్పుతపేలాలో పడ్డ వాన

క్రోసూరు దగ్గర ఒక ఊళ్ళో వాన కొలిచే మనిషి ధనుంజయరావు తాత. ఆ పనికి జీతం లేదు. అయినా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకోనిదే పెరట్లో వానడబ్బా దగ్గరకు వెళ్ళడు. సున్నా రాసే ఎండరోజుల్లోనూ అంతే. ఆయన ఫోన్లో పంపే అంకెను ఒక సంస్థ అందరూ చూసుకునేలా ఉచితంగా నెట్లో పెడుతుంది. సర్కారు కరువు లెక్కకూ, బీమా కంపెనీ పంట లెక్కకూ దాన్నే తీసుకుంటాయి. పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా ఖాళీ లేదని తాతకు మహా గొప్ప. జ్వరమొచ్చిన రోజు కూడా దుప్పటి మీద చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.

కొలిచాక ఆ నీళ్ళు పారబోయడు. ఆ ఊరి బోరునీళ్ళకు కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. అందుకని అవి ఆయన భార్య హనుమాయమ్మ నాయనమ్మ వంటింట్లోకి పోతాయి. ఆ అలవాటే కొంప ముంచింది.

మొన్న అక్టోబరులో తాత కంటిపరీక్షకు నరసరావుపేట వెళ్ళాడు. కుండపోత వానకు బస్సులు ఆగి అక్కడే ఉండిపోయాడు. తెల్లారి మొదటి బస్సు దిగి, చెప్పులు చేతబట్టుకుని బురదలో పరుగెత్తి, ఎనిమిదీ పదికి ఇల్లు చేరాడు. వానడబ్బా తెరిచి చూస్తే లోపల చుక్క లేదు.

"ఏమే, నీళ్ళేవి?"

"వంటలో పోశా. రోజూ నువ్వే తెచ్చిస్తావు. ఈ పూట లేవుగా, నేనే ఒంపుకున్నా."

"కొలవకుండానా?"

"కొలవకుండా వంటెవరు చేస్తారయ్యా? మూడు గ్లాసులు పప్పులోకి, మూడు అన్నంలోకి, మిగిలిన అర చారులోకి."

తాత అరుగు మీద కూలబడ్డాడు. ఖాళీ పెట్టాలా, నోటికొచ్చింది రాయాలా? అంతలో పక్కింటి చెన్నకేశవులు మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు.

"మావా, మిర్చి మొత్తం మునిగింది. డెబ్బై మిల్లీమీటర్లు దాటితేనే మనకు బీమా. ఎంతొచ్చింది?"

నాయనమ్మ గ్లాసుల కథ చెప్పింది. చెన్నకేశవులు ముఖం వెలిగింది.

"ఇంకేంది! ఇంకో గ్లాసు కలిపి ఏడున్నర అను. పప్పులో వాన ఎవడు తవ్వి చూస్తాడు?"

తాత ఎకరం మిర్చి కూడా ఆ నీళ్ళలోనే ఉంది. గడియారం చూశాడు. ఎనిమిదిన్నరకు ఇంకా పది నిమిషాలే. వాన కొలిచే గీతల గాజుగొట్టం తెచ్చి నాయనమ్మ ముందు పెట్టాడు.

"పొద్దున ఎట్టా పోశావో అట్టానే గ్లాసు నింపి, ఇందులో పొయ్యి."

ఆమె అంచుకు వేలెడు తక్కువగా నింపి పోసింది. పది మిల్లీమీటర్ల గీత దగ్గర ఆగింది. మళ్ళీ పోయమన్నాడు. పదే. మూడోసారీ పదే.

"మొగుడివైపోయావు గానీ, లేకుంటే ఒరేయ్ అనేదాన్ని," అంది నాయనమ్మ.

"మావా, ఆలోచించు. చానామంది బతుకులు," అన్నాడు చెన్నకేశవులు.

తాత ఆరున్నర గ్లాసులకు అరవై ఐదు అని ఫోన్లో కొట్టి, కింద 'ఇంట్లో గ్లాసుతో కొలిచింది' అని రాసి పంపేశాడు. చెన్నకేశవులు గిర్రున వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

పావుగంటకు సంస్థ నుంచి ఎలిజబెత్ అనే అమ్మాయి ఫోన్ చేసింది. సంగతంతా తాత దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాడు.

"అంకె ఉంచుతాం తాతగారూ. పక్కన అనుమానం గుర్తు పెడతాం. చుట్టుపక్కల ఊళ్ళ అంకెలతో పోల్చి చూస్తాం. బీమావాళ్ళు ఏమంటారో నేను చెప్పలేనండి."

పదకొండేళ్ళలో అదే మొదటి గుర్తు. తాత మధ్యాహ్నం దాకా ఫోన్ తెరిచి ఆ గుర్తునే చూస్తూ కూర్చున్నాడు. చెన్నకేశవులు తలుపు మూసే ఉంది.

నాయనమ్మ కంచం పెట్టింది. పప్పు వెన్నలా ఉడికింది. తాత ముద్ద కలిపాడు గానీ నోటి దాకా తీసుకుపోలేదు.

"ఆరున్నరేగా? ఏడు కాదుగా?"

"ఏడో గ్లాసే ఉంటే చారు ఇంత చిక్కగా ఎందుకుంటదయ్యా? తిను."

తాత ఒక చేత్తో ముద్ద పట్టుకుని, రెండో చేత్తో చారుగిన్నె వంచి చూశాడు. నిజంగానే చిక్కగా ఉంది.